మహేంద్రగిరి దారిలో నన్ను కిందికి చేర్చిన వారికి కృతజ్ఞతలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో మహేంద్రగిరి వైపు కొండదారిలో సైకిలు తొక్కుతూ నేను పడిపోయి, ఎడమ చీలమండ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్న సంగతి పర్లాకిమిడి, పాతపట్నం మిత్రులలో చాలామందికి ఇప్పటికే తెలుసు. ఆపరేషన్ అయి ఇంటికి చేరాను కనుక, ఆ రోజు ఆదుకున్నవారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం. పేర్లు రాయవద్దని వారిలో పెద్దవారు గట్టిగా చెప్పినందువల్ల రాయడం లేదు.

ముందుగా ఆ దారిని బాగుచేసినవారికి. వేల్స్, స్కాట్లండ్ అడవుల్లో కొండసైకిళ్ల కోసమే దారులు వేసి, కష్టాన్ని బట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు గుర్తులు పెట్టిన అధికారిక కేంద్రాలు ఉన్నాయి. మన వైపు ఉన్నవి సంతకూ పోడుకూ వెళ్లే కాలిబాటలు, గూడెం పెద్దల అనుమతి తీసుకుని ఆదివారాల్లో గునపాలు, పారలు పట్టుకుని వాటిని సరిచేసే కుర్రవాళ్లు మాత్రమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొండచరియలు విరిగిపడిన జిల్లా కావడం వల్ల కాబోలు, నీరు ఎటు పోతుందో చూసుకోకుండా వీరు పార ఎత్తరు. దారి వాలు కొండవాలులో సగాన్ని మించకూడదన్నది వారు పాటించే లెక్క: కొండ నూటికి ముప్ఫై వాలి ఉంటే దారి పదిహేనుకు లోపే ఉండాలి, లేకపోతే వాననీరు దారిని అడ్డంగా దాటిపోకుండా దాని వెంటే దిగి కాలువ కోసేస్తుంది. అందుకే దారిని లోయ వైపు కొద్దిగా వాల్చి, కొంత దూరం దిగాక ఒక చిన్న ఎత్తు వచ్చేలా మలుస్తారు. దారి వెంట పడిన నీరు ఆ ఎత్తు దగ్గర ఆగి పక్కకు జారిపోతుంది. పడిన మనిషిగా సాక్ష్యం చెబుతున్నాను, వారి పనిలో లోపం లేదు. గెడ్డ, అంటే కొండవాగు, దాటే చోట ముందు రాత్రి వానకు కొట్టుకొచ్చిన గుండ్రాళ్ల మీద నా ముందు చక్రం జారింది, అంతే.

అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. నా వెంట వచ్చిన తమ్ముడి కేక విని జీడితోటలో పని చేసుకుంటున్న సవర గూడెం వారు పరుగున వచ్చారు. వారిలో ఇద్దరు కుర్రవాళ్లు 108కు ఫోను చేయడానికి గట్టు మీదికి ఎక్కగా, మిగిలినవారు నన్ను కదపకుండా నీడ పట్టారు. ఒక పెద్దాయన నా బూటు విప్పబోయిన తమ్ముణ్ణి వారించి, వెదురు చీల్చి, బద్దల అంచులు గుచ్చుకోకుండా కత్తితో నున్నగా గీసి, కాలికి రెండు వైపులా పెట్టి తన తువ్వాలుతో కట్టారు. "భయపడకు బాబూ, రోడ్డు దాకా మేమున్నాం కదా" అని ఆయన తెలుగులోనే అన్నారు. నాకు అప్పటికి మాట రాలేదు. తరువాత దుప్పటిని వాసానికి ముడివేసి డోలీ కట్టారు. దిగుడులో ముందున్నవారు వాసాన్ని భుజం మీది నుంచి చేతులతో పైకెత్తి, వెనకనున్నవారు నడుము వంచి, డోలీ ఎక్కడా ఒరిగిపోకుండా నడిచిన తీరు డోలీలోంచి చూశాను కనుక చెప్పగలుగుతున్నాను. ఆ ఊళ్లలో గర్భిణులనూ రోగులనూ ఇలాగే మోసుకొస్తారు. వారి చేతులకు ఆ నేర్పు ఎందుకు వచ్చిందో తలుచుకుంటే నా కృతజ్ఞతలో కొంత సిగ్గు కూడా కలుస్తుంది.

రోడ్డు మీద ఎదురుచూసిన అంబులెన్సు సిబ్బందికీ, బరంపురంలో రాత్రికి రాత్రి నన్ను చూసిన వైద్యులకూ, రక్తం అవసరమవుతుందేమోనని గుణుపురం నుంచి వచ్చి వరండాలోనే తెల్లవార్లూ కూర్చున్న మిత్రులకూ నమస్కారాలు.

సైకిలు సంగతి కూడా చెప్పాలి. దాన్ని మరునాడు గూడెం కుర్రవాళ్లే దించి, పర్లాకిమిడి బజారులోని మేస్త్రికి అప్పగించారు. వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హేంగర్ విరిగింది, అది మా ఊళ్లో దొరకదు. మేస్త్రి గేరు ఊడదీసి, చైను కొన్ని లింకులు తగ్గించి, ఒక్క పళ్లచక్రం మీదే నడిచేలా బిగించి ఇంటికి పంపారు. డబ్బు పుచ్చుకోలేదు. "హేంగర్ వచ్చేదాకా ఒక్క గేరుతో సర్దుకోండి బాబూ, మీకూ ఇప్పుడు ఒక్క కాలే కదా" అన్నారట.

ఈ ప్రమాదం తరువాత ఆ దారి మూసేయాలనీ, బోర్డులు, కంచెలు పెట్టించాలనీ కొందరు పెద్దలు అంటున్నారు. నా మీద అభిమానంతోనే అంటున్నారని తెలుసు, కానీ నేను ఒప్పుకోను. అది గూడెం వారు నడుచుకునే బాట. కంచె వేస్తే ఆగిపోయేది మొదట వారి నడకే. గెడ్డ దాటే చోట చదునైన పెద్ద రాళ్లు వరసగా పరిచి గట్టిపరచడం అవసరం. ఆ పని సంక్రాంతి వెళ్లాక మొదలవుతుంది. గూడెం వారికి నేను ఇవ్వబోయిన డబ్బును వారు తీసుకోక, రెండు గునపాలు, నాలుగు పారలు ఇప్పిస్తే చాలన్నారు, అవి చేరాయి. నేను అప్పటికి పార పట్టలేను కానీ, రాళ్లు దింపే వ్యానుకు, పనివేళ భోజనాలకు అయ్యే ఖర్చు నాది. వాన వెలిసిన వెంటనే ఎవరూ ఆ దారిలో సైకిలు దింపవద్దు, మెత్తని మట్టిలో పడిన చక్రాల గాడులే వచ్చే వానకు కాలువలవుతాయి. గూడెం బోరింగు దగ్గర ఆడవాళ్లూ పిల్లలూ నీళ్లు పట్టుకుంటూ ఉంటారు కనుక అక్కడ దిగి సైకిలు నడిపించుకుని వెళ్లమని గూడెం పెద్దలు అడిగారు. దయచేసి అందరూ పాటించండి.