పై అంతస్తు వేసే ముందే మెట్ల సంగతి తేల్చుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పైన ఇంకో అంతస్తు వేద్దాం అనుకోగానే అందరూ ముందు కాగితం మీద గీసేది బెడ్రూములే, గదులెన్ని వస్తాయి, బాల్కనీ ఎటు, బాత్రూం ఎక్కడ, ఇవన్నీ అయ్యాక ఎక్కడ జాగా మిగిల్తే అక్కడ మెట్లు. లేకపోతే డాబా మీదకి మెట్లు ఎలాగూ ఉన్నాయిగా అవే చాల్లే అంటారు. ఈ పద్ధతి మారాలనే ఈ ఉత్తరం రాస్తున్నా.

డాబా మెట్లు కట్టింది బట్టలారేసుకోడానికి, ట్యాంకు చూసుకోడానికి. అందుకే చాలా ఇళ్ళల్లో అవి రెండున్నర అడుగుల వెడల్పులో, ఒక్కో మెట్టు 8, 9 అంగుళాల ఎత్తుతో నిట్టనిలువుగా ఉంటాయి. పైన కాపురం పెట్టాక రోజూ పిల్లలు, పెద్దవాళ్ళు వాటి మీదే ఎక్కాలి దిగాలి, మంచాలు బీరువాలు వాటి మీదే పోవాలి, ఎవరికైనా అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే మనిషిని మోసుకుని దించేది కూడా వాటి మీంచే. ఇరుకు మలుపులో మంచం తిరగదు, మనిషిని పడుకోబెట్టిన స్ట్రెచర్ అసలే తిరగదు.

లెక్క పెద్ద కష్టం కాదండి. కింద ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కి పదిన్నర అడుగులు అంటే 126 అంగుళాలు, మెట్టు ఎత్తు 7 అంగుళాలు అనుకుంటే 18 ఎత్తులు, చివరి ఎత్తు ఎక్కితే పై ఫ్లోరే కాబట్టి కాలు పెట్టే మెట్లు 17, ఒక్కోదాని లోతు 10 అంగుళాలు వేసుకున్నా తిన్నగా వెళ్ళే మెట్లకి 14 అడుగుల పైనే నేల కావాలి. రెండు మెట్ల ఎత్తులూ, కాలు పెట్టే చోటు లోతు ఒకటీ కలిపితే 24, 25 అంగుళాలు రావాలన్నది ఫ్రాన్స్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా బ్లాండెల్ 17వ శతాబ్దంలో చెప్పిన లెక్క, ఇప్పటికీ అదే వాడుతున్నారు. మధ్యలో ల్యాండింగ్ (మలుపు దగ్గర చదును చోటు) పెట్టి వెనక్కి తిప్పితే పొడవు తగ్గుతుంది కానీ వెడల్పు రెట్టింపవుతుంది, కాబట్టి మెట్లు ఏదో ఒక గదిని తినకుండా రావు, ఏ గదిని అన్నది ముందే ఒప్పుకోవాలి.

ఇంకోటి తల తగలడం. సీలింగ్ 10 అడుగులుంటే, నెత్తి మీద 7 అడుగుల ఖాళీ ఉండాలంటే ఐదో మెట్టు దాటాక పైన స్లాబ్ ఉండకూడదు, అంటే మిగతా 12 మెట్ల పొడవునా, 10 అడుగులు, స్లాబ్ కొయ్యాల్సిందే. ఇక్కడే భయం వేస్తుంది నాకు, ఎందుకంటే ఎక్కడ కొయ్యాలో మేస్త్రి కంటిచూపుతో తేల్చేస్తాడు. బీమ్ జోలికి అసలు వెళ్ళకూడదు. స్లాబ్‌లో బరువు మోసే మెయిన్ ఇనుప రాడ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసి వాటి వెంట పొడుగ్గా కోస్తే తక్కువ రాడ్లు తెగుతాయి, తెగిన చోట అంచులకి కొత్త బీమ్‌ల ఆధారం ఇవ్వాలి, కొయ్యక ముందే కింద ప్రాప్‌లు (స్లాబ్‌ని మోసే తాత్కాలిక ఊతలు) పెట్టాలి. ఇదంతా స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాల్సిన పని, పాత పునాది పై అంతస్తు బరువు మోస్తుందా లేదా అన్నది ఎలాగూ ఆయనే చెప్పాలి.

మెట్లు ఇంటి బయట నుంచి పెట్టుకుంటే స్లాబ్ కోసే బాధ లేదు, పైన వేరే కుటుంబం ఉండేట్టయితే అదే మంచిది కూడా. కానీ పాత ఇల్లు ఎప్పుడో కుంగాల్సినంత కుంగి ఉంటుంది, కొత్త మెట్ల పునాది ఇప్పుడు కుంగుతుంది, రెండూ ఊరికే అతికిస్తే ఆ జాయింట్ దగ్గర పగులు వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది పట్టించుకోనిది టైల్స్ మందం. కింద ఫ్లోరింగ్ పాతదే, పైన ఇంకా వెయ్యలేదు, మేస్త్రి మాత్రం సిమెంట్ లెవెల్స్ చూసి మెట్లన్నీ 7 అంగుళాలకి పోసేస్తాడు. తర్వాత మెట్ల మీద అంగుళంన్నర రాయి, పైన 3 అంగుళాల ఫ్లోరింగ్ పడ్డాక మొదటి మెట్టూ చివరి మెట్టూ ఎనిమిదిన్నర అయి కూర్చుంటాయి, మధ్యవి మాత్రం 7. కాలు ఒక ఎత్తుకి అలవాటుపడి పోతుంటే ఒక్కసారిగా అంగుళంన్నర తేడా వస్తే పడిపోతారు, అందులోనూ దిగేటప్పుడు. అందుకే అన్నీ అయ్యాక ఉండే ఫ్లోర్ లెవెల్స్ పట్టుకుని లెక్కెయ్యాలి.

వంటగది పక్కనే మెట్లు వద్దని కూడా చెప్తాను, మంట లేస్తే పొగ మెట్ల దారిలోంచే పైకి పోతుంది, పైనున్నవాళ్ళు కిందకి రావాల్సిందీ అదే దారి.

మీ పేపర్లో ఇళ్ళ ప్లాన్లు వేసేటప్పుడు గదుల కొలతలతో పాటు మెట్ల దగ్గర నిలువు కోత బొమ్మ (ఇంటిని నిలువునా కోసి పక్క నుంచి చూసినట్టు) కూడా, తల పైన ఎంత ఖాళీ ఉందో, ఒక్కో మెట్టు ఎత్తెంతో తెలిసేలా వెయ్యమని నా రిక్వెస్ట్. జనం ఆ పేజీ కట్ చేసి మేస్త్రికి చూపిస్తారు కాబట్టి అడుగుతున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు