విరిగిన క్రేయాన్లు పారేయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులు వస్తున్నాయి కదా, ముందుగా పిల్లల బ్యాగులు ఒకసారి దులపండి. అడుగున వేలెడంత కూడా లేని క్రేయాన్ ముక్కలు బోలెడు దొరుకుతాయి. వాటిని చెత్తలో వేసి కొత్త డబ్బా కొనేకన్నా, ఈ సెలవుల్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కరిగించి కొత్తవి చేయండి.

మైనం క్రేయాన్లే దీనికి పనికొస్తాయి. డబ్బా మీద ప్లాస్టిక్ క్రేయాన్స్ అని ఉంటే వద్దు, అవి ఈ వేడికి సరిగ్గా కరగవు. ఆయిల్ పాస్టెల్స్ కూడా వీటిలో కలపొద్దు.

కాగితం ఒలవడం, ముక్కలు విరవడం, రంగుల వారీగా వేరు చేయడం మొత్తం పిల్లలకే వదిలేయండి. కాగితం ఊడిరాకపోతే కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బాగా తుడిస్తే సరి. పొయ్యి దగ్గర పని మాత్రం పెద్దవాళ్లదే. వెడల్పు గిన్నెలో నీళ్లు కాచి, మంట సిమ్‌లో పెట్టి, ముక్కలు వేసిన చిన్న స్టీలు గిన్నెను అందులో ఉంచండి. క్రేయాన్ మైనం 50, 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నీళ్ల వేడి 100 దాటదు, అందుకే ఇలా చేస్తే మైనం మరీ వేడెక్కి అంటుకునే భయం ఉండదు. ఎంత తొందరున్నా గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి, దయచేసి.

ఘనం, ద్రవం అని పుస్తకంలో చదివింది అక్కడ కళ్ల ముందే జరుగుతుంటుంది, పిల్లల్ని కాస్త దూరం నుంచే చూడనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి.

రంగు పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి పోసేముందు ఒకసారి కలిపి, కాగితపు టీ కప్పుల్లో అర అంగుళం మందాన పోయండి. నీలం, ఆకుపచ్చ లాంటి దగ్గరి రంగులు కలిపితే బాగుంటాయి, ఏ రంగుకైనా తెలుపు కలిపితే లేతగా వస్తుంది, కానీ అన్నీ ఒకేసారి వేస్తే మట్టిరంగే మిగులుతుంది. పూర్తిగా చల్లారి గట్టిపడ్డాకే కప్పు చించాలి. మిగిలిన మైనం సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

ఇలా చేసిన లావుపాటి బిళ్లలు చిన్న పిల్లల చేతికి బాగా పట్టు దొరుకుతాయి. అందుకే ఒకటో రెండో మన ఎల్‌కేజీ పిల్లల కోసం పంపమని అడుగుతున్నాను. చేసే తీరిక లేకపోతే ముక్కలే ఒక కవర్లో వేసి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి, మిగతాది స్కూల్లో మేం చూసుకుంటాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు