ఆరో తరగతి చేర్పించే తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారమండీ. పిల్లల్ని మన జడ్పీ హైస్కూల్‌లో వేయాలా, శ్రీకాకుళంలో ప్రైవేటుకు పంపాలా అని చాలామంది అడుగుతున్నారు.

పదో తరగతి పాస్ పర్సెంటేజ్ ఒక్కటీ చూసి నిర్ణయించకండి. ఎంతమంది పరీక్ష రాశారు, 600కి 500 దాటినవాళ్లు ఎందరు, తొమ్మిదిలో ఉన్న పిల్లలందరూ పదికి వచ్చారా అని హెడ్మాస్టరు గారినే అడగండి. మూడేళ్ల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటికంటే ముఖ్యం లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు టీచర్లు. పోస్టు ఉందా అని కాదు, మనిషి రోజూ క్లాసులో ఉంటున్నారా అని అడగాలి. ఆ సంగతి అక్కడ చదివే పిల్లలే సరిగ్గా చెబుతారు. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా చూసి రండి, దయచేసి.

అడ్మిషన్‌కి టెన్షన్ వద్దు. ఎంట్రన్స్ మోడల్ స్కూళ్లలాంటి వాటికే, జడ్పీ స్కూల్‌కి లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పాత స్కూల్ వాళ్లు బాకీ చూపించి టీసీ ఆపితే భయపడి ఆగిపోకండి.

ఇంకో మాట. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇది ప్రైవేటు పిల్లలకు లేదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ సీట్లలోనూ ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు. మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

సోమవారం పదింటికి నేను స్కూల్‌కి వెళ్తున్నాను. వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి, కలిసి వెళ్దాం.