రాఘవకి, కవర్ల సంగతి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. పిల్లల పరీక్షలు అయిపోయాయన్నావు, ఇక నీకు టెన్షన్ లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో చెత్త సంగతి నీకు అప్పజెప్పారని చదివి ఎంత సంబరపడ్డానో! వంటింటి తలుపు వెనక పేరుకుపోయిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఏం చెయ్యాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తాను.

ముందు ఒక్క పని చెయ్యి. కూర తొక్కలూ మిగిలిన అన్నమూ కవర్లో వేసి, ముడి కట్టి పడేసే అలవాటు అందరిచేతా మాన్పించు. ఆవు ముడి విప్పలేదు కదరా, వాసనకి కవరుతో సహా మింగేస్తుంది. అది అరగదు, పేడలోనూ బయటికి రాదు, పొట్టలోనే చుట్టలు చుట్టుకుని గట్టిపడిపోతుంది. పుట్టపర్తిలో మూగజీవాల్ని కాపాడే కరుణ సొసైటీ వాళ్లు అలాంటి ఆవులకి ఆపరేషన్లు చేసి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీశారు. పైకి పొట్ట నిండుగా కనిపిస్తూనే ఆ మూగజీవం ఆకలితో చిక్కిపోతుంది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుందిరా.

ఇక వాడుకోవడం. మా ఇంట్లో కవర్లని తిరగేసి, సబ్బునీళ్లలో జాడించి, దండేనికి క్లిప్పు పెట్టి ఆరేస్తాం. చేపలు, మాంసం తెచ్చినవి విడిగా ఉంచి మళ్లీ వాటికే వాడతాం. బండి డిక్కీలో ఒకటి మడిచి ఎప్పుడూ ఉంటుంది. మళ్లీ మళ్లీ వాడాలనే కదా ప్రభుత్వం కవర్ల మందం పెంచింది. 2021 సెప్టెంబరు 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2022 డిసెంబరు 31 నుంచి 120. అయినా రైతుబజార్లో కొత్తిమీర కట్టకి కూడా పల్చటి కవరు చేతిలో పెడుతూనే ఉన్నారు. అన్నట్టు, బట్టల షాపుల్లో గుడ్డసంచిలా కనిపించేవి ఇస్తారే, అవీ చాలావరకు ప్లాస్టిక్కే, పాలీప్రొపిలీన్. కొన్నాళ్లు ఎండలో ఉంటే పొడిపొడిగా రాలిపోతాయి.

చిరిగినవాటితో మా వదిన క్రోషియా, అదే కొక్కెం సూదితో అల్లే అల్లిక, అల్లుతుంది. కవరు పరిచి, అడుగుభాగమూ పైన పట్టుకునే చెవులూ కత్తిరించేసి, అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున కోస్తుంది. అన్నీ రింగులుగా వస్తాయి. ఒకదానిలోంచి ఒకటి దూర్చి లాగితే ముడిపడి పొడుగాటి దారం తయారు. గరగరలాడే కవర్లూ పనికొస్తాయిగానీ, మెత్తగా సాగేవైతే చేతికి హాయి. తను అల్లిన కాళ్లు తుడుచుకునే పట్టా మా గుమ్మం ముందే ఉంది. వానకి తడిసినా దులిపితే చాలు.

అల్లే ఓపిక లేనివాళ్లు పొడిచెత్తలో ఇచ్చేయొచ్చు, కానీ కడిగి ఆరబెట్టాకే. పప్పూ నూనే అంటుకున్నవాటిని రీసైక్లింగ్‌కి ఎవరూ ఇష్టంగా తీసుకోరు. మదురైలో ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు ఇలాంటి ప్లాస్టిక్‌తోనే రోడ్లు వేసి చూపించారు, 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సన్నగా తరిగి వేడి కంకర మీద చల్లితే కరిగి రాళ్లకి పట్టేస్తుంది, ఆపైన తారు కలుపుతారు.

మీ మొదటి మీటింగ్ ఆదివారం పెట్టు. వదినని వెంటబెట్టుకుని వస్తాను, నేర్చుకుంటామన్నవాళ్లకి అల్లిక చూపిస్తుంది. కత్తెరలు మాత్రం మీరే తెచ్చుకోవాలి. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
సుబ్బు