గేమర్ కూడా వినియోగదారుడే: కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు.

వీడియో గేముల గురించి మంత్రులకు వెళ్లే ఉత్తరాలు ఎక్కువగా రెండు రకాలు. ఫలానా ఆటను బ్యాన్ చేయండని తల్లిదండ్రులు రాస్తారు, బ్యాన్ ఎత్తేయండని కుర్రాళ్లు రాస్తారు. నేను అడగబోయేది ఆ రెండూ కాదు. డబ్బు పెట్టి ఆట కొనుక్కున్నవాడికి మన దేశంలో ఉన్న హక్కులేమిటి? అమ్మకం, కొనుగోలు సంగతి కాబట్టి ఐటీ శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఆన్‌లైన్ రమ్మీ మనిషిని కాను. మా రాష్ట్రం 2020లోనే అలాంటి ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆటలకు అడ్డుకట్ట వేసి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసింది. రెండింటినీ సమర్థిస్తాను. కానీ గేమ్స్ అనగానే పెద్దలకు పేకాటే గుర్తుకొస్తుంది. పందెం కాయకుండా, నాలుగైదు వేలు పోసి ఒక కథ ఆటో, రేసింగ్ ఆటో కొనుక్కునేవాళ్లు ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తాయి. ఘాట్ రోడ్లు మూసేశారు, లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా వీధిలో కరెంటు తిరిగొచ్చినా నెట్ రాలేదు. బయటికి వెళ్లే దారి లేక లాప్‌టాప్ తెరిచి, అంతకుముందు సేల్‌లో కొన్న ఆట పెట్టాను. ఒక్కడే ఆడుకునే ఆట అది. అవతల ఇంకో ఆటగాడు ఉండడు. ఫైళ్లన్నీ నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అయినా కంపెనీ సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోతున్నామని ఒక పెట్టె వచ్చి ఆగిపోయింది. దాని కింద ఆటలోంచి బయటికి వెళ్లిపోయే బటన్ తప్ప ఇంకేమీ లేదు. అదే లాప్‌టాప్‌లో పాత సీడీ నుంచి ఎక్కించుకున్న ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఉంది. 1999 నాటి ఆట. అది మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా తెరుచుకుంది.

నెట్ తర్వాత వచ్చింది, నా ఆటా తెరుచుకుంది. అంత అదృష్టం కూడా లేనివాళ్లు ఉన్నారు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014 డిసెంబరులో 'ద క్రూ' అనే రేసింగ్ గేమ్ విడుదల చేసింది. అమెరికా పటాన్ని కుదించి, ఆ చివర నుంచి ఈ చివరకు కారులో తిరిగే ఆట. ఒంటరిగా ఆడుకోవడానికి అందులో బోలెడంత ఉంది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దాంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లందరికీ ఆట మొత్తం పోయింది. డిస్కు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. ఇది తప్పని రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. 2025 జులైలో యూరప్‌లో ఆ పిటిషన్‌పై సంతకాలు 10 లక్షలు దాటాయి.

సర్వర్లు కలకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. కంపెనీకి ఖర్చవుతుందని మాకూ తెలుసు. మూసేసేటప్పుడు నెట్ లేకుండా ఆఫ్‌లైన్‌లో ఆడుకునేలా ఒక ప్యాచ్ (ఆటను సరిచేసే చిన్న ప్రోగ్రామ్) ఇచ్చి వెళ్లమంటున్నాం, అంతే. సాధ్యం కాదనడానికీ లేదు. ఈ గొడవ పెరిగాక, 2024 సెప్టెంబరులో అదే యూబీసాఫ్ట్ 'ద క్రూ 2'కు, 'మోటర్‌ఫెస్ట్'కు ఆఫ్‌లైన్ సదుపాయం ఇస్తామని ప్రకటించింది. అంటే చేయగలిగిందే, నలుగురూ గట్టిగా అడిగితే తప్ప చేయలేదు.

కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. వెనక్కి తీసుకునే వీలున్న డిజిటల్ వస్తువును 'కొనండి' అని ఊరికే రాసి అమ్మకూడదు, మీకు దక్కేది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా తెలియజేయాలి. ఆ చట్టం మీద సంతకం పడిన కొద్ది వారాలకే కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో డబ్బు కట్టే చోట ఆ మాట కనిపించడం మొదలైంది. అది మంచిదే. కానీ మన రూపాయలు తీసుకునే స్టోర్లన్నీ మనకు ఆ నిజం చెప్పాలంటే మన చట్టమే ఉండాలి. ఉన్నమాట చెప్పడంతో కూడా సరిపోదు. పూర్తి ధర కట్టిన ఆటను ఏ తేదీ వరకు నడుపుతారో కొనే ముందే రాయాలి. ఆలోపు ఆపేస్తే డబ్బు తిరిగివ్వాలి. సోనీ 2024 ఆగస్టులో విడుదల చేసిన 'కాన్‌కార్డ్' ఆటను రెండు వారాలకే మూసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చింది. ఆ మర్యాద కంపెనీ దయ మీద ఆధారపడకూడదు.

ఇక మొబైల్ ఆటల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మా పిన్ని కొడుకు ఎనిమిదో తరగతి. వాడు ఆడే ఆటలోని షాపును మీరు ఒక్కసారి చూడాలి మంత్రి గారూ. వాడి ఆటలోని బొమ్మకు కావాల్సిన డ్రెస్ ధర 500 వజ్రాలు. వజ్రాలంటే అసలు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన, ఆటలో మాత్రమే చెల్లే నాణేలు. వజ్రాలు దొరికేది 300 ప్యాకో, 600 ప్యాకో. 600 కొంటే 100 మిగులుతాయి, ఆ వందకు అక్కడ ఏమీ రాదు, ఇంకో ప్యాక్ కొంటే తప్ప. ఎక్కడా రూపాయల్లో డ్రెస్ ధర ఉండదు. పైన ఎర్ర అంకెల గడియారం పరుగెడుతూ ఉంటుంది. "టైమ్ అయిపోతా ఉందన్నా, మళ్లీ రాదు" అని వాడు ఏడుపు మొహం పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే అదే డ్రెస్, అదే గడియారం, కొత్తగా ఇరవై నాలుగు గంటలు. అన్నిటికన్నా ఘోరం పక్కనే ఉన్న పెట్టె. డబ్బు కట్టి తెరవాలి, లోపల ఏముందో తెరిచాకే తెలుస్తుంది. మంచి తుపాకీ వచ్చే అవకాశం ఎంత అన్న లెక్క వెతకగా వెతకగా మూడు మెనూల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. ఒక శాతం కన్నా తక్కువ. పదమూడేళ్ల పిల్లాడు అది వెతుక్కుని చదువుతాడా? వాళ్ల నాన్న ఫోన్ నుంచి యూపీఐలో డబ్బు పోయాక ఇంట్లో దెబ్బలు తిన్నది వాడు.

తూనికలు, కొలతల చట్టం కూడా మీ శాఖ చూసేదే. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద బరువు, ధర, తయారీ తేదీ ముద్రించకపోతే కేసు పెట్టే దేశం మనది. ఎనిమిది వందల రూపాయల పెట్టెలో ఏముందో చెప్పకుండా పిల్లలకు అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు.

మీ దగ్గర ఆయుధం లేకపోలేదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాల మోసపు ఎత్తుగడలను అందులో పేర్కొన్నారు. వాటిలో మొదటిదే లేని తొందర పుట్టించడం. మా పిన్ని కొడుకు ఫోన్‌లో పరుగెత్తే గడియారం సరిగ్గా అదే. భారత్‌లో వస్తువులు, సేవలు అమ్మే ప్లాట్‌ఫామ్‌లకు ఆ నియమాలు వర్తిస్తాయి కాబట్టి ఆటల్లోని షాపులకూ వర్తించాలి. ఆ మాట మీ శాఖ ఒక్క వివరణలో స్పష్టంగా చెబితే చాలు, కొత్త చట్టం కోసం ఆగాల్సిన పని లేదు.

బయటి దేశాలు ఈ దారిలో చాలా ముందున్నాయి. చైనా 2017 నుంచే ఇలాంటి పెట్టెల్లో ఏది వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టాలంటోంది. బెల్జియం 2018లో డబ్బు కట్టి తెరిచే పెట్టెలు జూదమేనని తేల్చేసింది. దక్షిణ కొరియాలో 2024 మార్చి నుంచి అవకాశాల శాతం చెప్పడం చట్టం. అక్కడి నెక్సాన్ కంపెనీ 'మేపుల్‌స్టోరీ' అనే ఆటలో ఆ అవకాశాలను ఆటగాళ్లకు చెప్పకుండా మార్చినందుకు 1,160 కోట్ల వాన్‌ల జరిమానా పడింది. యూరప్ వినియోగదారుల రక్షణ అధికార సంస్థలు 2025 మార్చిలో ఒక సూత్రం చెప్పాయి: వజ్రాలైనా నాణేలైనా, పక్కన అసలు డబ్బులో ధర ఉండాల్సిందే. మనకు ముందుగా కావాల్సింది ఇదే. వజ్రాల పక్కన రూపాయి గుర్తు పడితే పిల్లాడికీ లెక్క అర్థమవుతుంది, తండ్రికీ అర్థమవుతుంది.

ఇలా కట్టడి చేస్తే పరిశ్రమ దెబ్బతింటుందని కంపెనీలవాళ్లు మీ దగ్గరికొచ్చి చెబుతారు. నమ్మకండి. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో పెట్టెలు, వజ్రాలు ఏమీ లేవు. ఒకసారి కొంటే వందల గంటల ఆట. ఆ ఏడాది అతిపెద్ద అవార్డులన్నీ దానికే వచ్చాయి. 2025 సెప్టెంబరు 4న 'సిల్క్‌సాంగ్' అనే ఆట వచ్చినరోజు కొనేవాళ్ల తాకిడికి స్టోర్లే మొరాయించాయి. దాన్ని చేసింది ఆస్ట్రేలియాలో ఒక చిన్న బృందం, ధర 20 డాలర్లు. మంచి సరుకు నిజాయతీగా అమ్మితే జనం ఎగబడి కొంటారు. నాలాంటివాళ్లు డబ్బు ఖర్చుపెట్టడానికి వెనకాడేవాళ్లం కాదు.

రీఫండ్ గురించి కూడా రాయాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కిస్తారు. అది ఆ స్టోర్ పెట్టుకున్న నియమం, మన చట్టం ఇచ్చిన హక్కు కాదు. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' అనే ఆట పాత కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల) మీద ఆడలేనంత అధ్వానంగా విడుదలైనప్పుడు సోనీయే దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు తిరిగివ్వాల్సి వచ్చింది. తర్వాత ఆ ఆటను బాగుచేశారు, ఇప్పుడు అది నాకెంతో ఇష్టమైన ఆటల్లో ఒకటి. అయినా సగం ఉడికిన ఆటను పూర్తి ధరకు అమ్మడం తప్పే. పనిచేయని మిక్సీని వెనక్కిచ్చే హక్కు ఉన్నట్టే పనిచేయని ఆటను వెనక్కిచ్చే హక్కు, స్టోర్ ఏదైనా, ఉండాలి.

మా జిల్లాలోని శ్రీసిటీలో 2015 నుంచి స్మార్ట్‌ఫోన్లు తయారయ్యాయి. రేణిగుంట వైపు టీవీలు తయారవుతున్నాయి. ఆ తెరల మీద ఆడేది మా పిల్లలే. తెర ప్యాకింగ్ మీద ధర, గ్యారంటీ అన్నీ రాసి ఉంటాయి, తెర లోపల అమ్మేదానికి మాత్రం ఏ హామీ లేదు. ఈ తేడాను మీ శాఖ సరిచేయగలదు.

వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే మీ 1915 హెల్ప్‌లైన్‌కు ఏ ఇంటి నుంచైనా తల్లి ఫోన్ చేసి "మా వాడి ఆటలో డబ్బు పోయింది" అంటే, పిల్లాడిని అదుపులో పెట్టుకోమని సలహా చెప్పి పెట్టేయకుండా, ఆ షాపులో ధర రూపాయల్లో ఉందా, గడియారం నిజమైనదేనా, పెట్టెలో అవకాశం ఎంతో కనిపించేలా రాశారా అని అడిగి ఫిర్యాదు రాసుకునేలా మీ సిబ్బందికి ఆదేశాలు ఇవ్వండి. దీనికి పార్లమెంటు సమావేశాల దాకా ఆగక్కర్లేదు. ఈ నెలలోనే చేయొచ్చు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక గేమర్