మేడ మీది తీగ గురించి, ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన స్కూలు మేడ మీద సెల్ టవర్ వేస్తున్నారని, దాన్నుంచి రేడియేషన్ వస్తుందని, పోయిన శనివారం ఆ పని కోసమే పిల్లల్ని చీకటి పడేదాకా ఉంచేశామని వాట్సాప్ గ్రూపులో తెగ నడుస్తోంది. స్కూలుకొచ్చి నన్నడిగినవాళ్లు మాత్రం ఇద్దరే. వాళ్లకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను. అది టవర్ కాదు, రాగి తీగ. రెండు వెదురు బొంగుల మధ్య నైలాన్ తాళ్లతో లాగి కట్టాం, దాని మధ్యలోంచి ఒక కేబుల్ దిగి సైన్స్ ల్యాబ్‌లో ఉన్న షార్ట్‌వేవ్ రిసీవర్‌లోకి వెళ్తుంది. ఆ సెట్టు గాల్లో వచ్చే మాటలు పట్టుకుని వినిపిస్తుంది, మనం దాంట్లోంచి బయటికి ఏమీ పంపం. ఉరుములు మెరుపులు ఉన్న రోజు కేబుల్ ముందే పీకేస్తాం, సెట్టు జోలికి ఎవరూ వెళ్లరు. ఇక శనివారాలు ఐదున్నరకల్లా పిల్లలు గేటు దగ్గర ఉంటారు, ఆ టైముకు మీరూ ఉండండి.

ఇది నేను తలపెట్టిన కార్యక్రమం కాదు. 2025 జూలైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలో, అంటే మామూలు మనుషులు లైసెన్సు తీసుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో, బెంగళూరులోని పిల్లలతో మాట్లాడారు కదా, ఆ వార్త చూసి మన ఎనిమిదో తరగతి అమ్మాయి సైన్స్ మాస్టారి వెంటపడింది. అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా దాటిపోవడానికి పట్టేది పది నిమిషాలు, ఆ కాసేపట్లోనే ప్రశ్న అడగాలి, జవాబు వినాలి, ఇదంతా మాస్టారికి తనే వివరించిందట! పేరు రాయొద్దని ఆమే కోరింది కాబట్టి రాయడం లేదు గానీ ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తీగ ఎంత పొడవుండాలో లెక్క వేసింది కూడా ఆమే. ఇలాంటి తీగల లెక్కకు వాడే 468 అనే అంకెను మనం వినదలచిన ఫ్రీక్వెన్సీ 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 66 అడుగులకు కాస్త తక్కువ, అంటే అటు 33, ఇటు 33. వాళ్లమ్మ టైలరింగ్ టేపు తెచ్చి, వరండాలో మోకాళ్ల మీద కూర్చుని, కొసల్లో ముడికి కొంచెం వదిలి మరీ కత్తిరించింది. దశాంశాలంటే పారిపోయే ఆరో తరగతి పిల్లలు చుట్టూ చేరి "అక్కా, ఇంకో స్టేషన్‌కైతే ఎంత?" అని అడుగుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో రాయలేను.

బరంపురంలో ఉండే ఒక పెద్దాయన, రైల్వే టెలికాంలో చేసి రిటైరయ్యారు, లైసెన్సు ఉన్న హామ్, ఒక పూట వచ్చి నేర్పి వెళ్లారు. శనివారం ఆయన తన ఇంటి నుంచి విశాఖలో ఉన్న స్నేహితుడితో మాట్లాడుతుంటే మేం ఇక్కడ పర్లాకిమిడిలో విన్నాం. ముందు ఒకటే బరబర, నాబ్ రవ్వంత తిప్పగానే "విక్టర్ యూనిఫామ్ టూ" అంటూ, అంటే వీ యూ టూతో మొదలయ్యే తన కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) చెబుతూ, స్పష్టంగా ఆయన గొంతు. ల్యాబంతా ఒక్కసారి కేక పెట్టింది. మళ్లీ వాళ్లలో వాళ్లే "ష్" అనుకుని నోట్‌బుక్‌లో టైమ్, ఫ్రీక్వెన్సీ, కాల్ సైన్ రాసుకున్నారు, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేసి యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకటిగా వాడే టైమ్‌లో, రాయాలని ఒకరికొకరు గుర్తు చేసుకుంటూ. ఇంట్లో ఒడియా మాట్లాడే అబ్బాయి, తెలుగు మాట్లాడే అబ్బాయి ఒకే బెంచీ మీద, విన్నది సరిపోల్చుకుంటున్నారు. ఆ ఇద్దరికీ పోయిన ఏడాది మాటల్లేవు.

ఇదంతా ఎందుకని అడుగుతున్నవాళ్లకు తిత్లీ తుఫాను గుర్తుంది కదా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి బరఘరలో మనుషులు పోయారు. టెక్కలిలో ఉన్న అన్న బతికున్నాడో లేడో తెలియక మీలో ఎంతమంది అల్లాడిపోయారో నాకు తెలుసు. టవర్ కూలినా ఒక బ్యాటరీ, ఒక తీగ, లైసెన్సు ఉన్న ఒక మనిషి ఉంటే కబురు వెళ్తుంది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు హామ్ రేడియో పని మీద అండమాన్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి అదే చేశారు, అక్కడి వాళ్ల క్షేమసమాచారం రేడియోలోనే బయటికి చేర్చారు. ఏటా అక్టోబర్ వస్తుందంటే గుండె దడదడలాడే ఊళ్లు మనవి. ఈ పని చేయగల పిల్లలు మన దగ్గర తయారవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పన్నెండేళ్లు నిండితే చాలు, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్ష రాయొచ్చు, పాసైతే లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన అమ్మాయి సిద్ధమవుతోంది.

అందుకే ఒక మాట, దయచేసి ఏమీ అనుకోకండి. "ఆడపిల్లకు వైర్లతో పనేంటి" అని ఆ పిల్ల ఎదుటే అన్నవాళ్లు ఇంకోసారి అనకుండా ఉంటే బాగుంటుంది. తీగ రేడియేషన్ గురించి ఇంత టెన్షన్ పడే ఇళ్లలో పిల్లలు రాత్రి పన్నెండింటిదాకా దుప్పట్లో ఫోన్ చూస్తున్నారు, తెల్లారి మొదటి పీరియడ్‌లో తూలుతున్నారు. ఫోన్ పది గంటలకు మీ దగ్గర పెట్టుకోండి. టిఫిన్ పెట్టకుండా పంపి "వాడే తినడండీ" అంటే నేనేం చెయ్యను? పెళ్లికి ఒక రోజు బడి మానితే సరే, వారం ఎందుకు?

అర్ధ సంవత్సర పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, చూడండి. ఫీజు ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి, పిల్లల చేతికి డబ్బు ఇవ్వొద్దు. సైకిళ్లకు తాళాలు కొనండి.

రేడియో క్లబ్బుకు రాదలచిన పిల్లలు మీ సంతకంతో చీటీ శుక్రవారంలోగా సైన్స్ మాస్టారికి ఇవ్వాలి. మీరూ రావచ్చు, తాతయ్యలు అమ్మమ్మలు వచ్చినా సంతోషమే, శనివారం నాలుగింటికి ల్యాబ్‌లో కుర్చీలు వేసి ఉంచుతాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు