ఉత్తర్వు పోయింది, చట్టం పోలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు ఇక ఆసుపత్రిలో ఇంటర్‌ప్రెటర్ (మాటలు అనువదించి చెప్పే మనిషి) ఉండడని మీ ఎన్నారై పేజీలో వార్త వేసి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని చూశాం, వేయలేదు. ఆ కటింగ్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

రద్దయింది ఇంగ్లిష్ రానివారికీ ప్రభుత్వ సేవలు అందాలంటూ 2000లో క్లింటన్ ఇచ్చిన 13166 నంబరు ఉత్తర్వు. 2025 మార్చి 1న ట్రంప్ ఇంగ్లిష్‌ని అధికార భాషగా ప్రకటిస్తూ దాన్ని తీసేశారు. 1964 నాటి పౌర హక్కుల చట్టం ఎక్కడికీ పోలేదు. 2010 ఆరోగ్య చట్టంలో, వైద్యంలో వివక్ష కూడదనే 1557 సెక్షన్ కూడా పోలేదు. వాటి ప్రకారం మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు, 'మీరే ఎవరినైనా వెంట తెచ్చుకోండి' అనకూడదు. విజిటర్ వీసా మీద వచ్చినవారికైనా అంతే. ఉచితం ఇంటర్‌ప్రెటర్ మాత్రమే, వైద్యం కాదు. ఇది విడిగా చెప్పకపోతే రేపు 'అమెరికాలో వైద్యం ఉచితం' అనే కటింగ్ కూడా తిరుగుతుంది.

మీ విలేఖరి రాయాల్సిన అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఫోన్‌లో 'తెలుగు' అంటే అవతలివాళ్ళకి 'టగాలాగ్' అని వినిపిస్తుంది, లైన్‌లోకి ఫిలిప్పీన్స్ ఆవిడ వస్తుంది. 'ఇండియా' అంటే హిందీ ఆయన వస్తాడు. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే టీ, ఈ, ఎల్, యూ, జీ, యూ అని అక్షరం అక్షరం చెప్పి చార్టులో రాయించాలి. రాయించినా, వెళ్ళే ముందు రోజు ఫోన్ చేసి మళ్ళీ గుర్తు చేయాలి. వీడియోలో తెలుగు మనిషి దొరకకపోతే ఆడియో లైన్ అడగాలి.

కొడుకు ఉన్నాడుగా అనుకోవద్దు. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడితే కొడుకు 'ఏం లేదమ్మా, అంతా బాగుంది' అని ఒక్క ముక్కలో తేలుస్తాడు. మూత్రంలో మంటగా ఉందని ఏ అత్తగారూ అల్లుడి ముందు చెప్పదు. పదేళ్ళ మనవరాలి చేత చెప్పించడానికైతే ప్రాణం మీదకొచ్చి, వేరే దారి లేనప్పుడు తప్ప నిబంధనలు ఒప్పుకోవు.

ఫోన్‌లో అనువాదం యాప్ ఉందంటారు. 'కళ్ళు తిరుగుతున్నాయి' అంటే అది కనుగుడ్లు తిప్పేస్తే? 'కడుపులో తిప్పుతోంది', 'కాళ్ళు లాగుతున్నాయి' సంగతీ అంతే. 'విరేచనం కాలేదు' అన్న మనిషికీ 'విరేచనాలవుతున్నాయి' అన్న మనిషికీ ఇచ్చే మందులు పూర్తిగా వేరు. ఖచ్చితంగా ఉండాల్సిన కాగితాన్ని యంత్రం అనువదిస్తే, అర్హత ఉన్న మనిషి సరిచూడాలని ఆ 1557 సెక్షన్ కింద వచ్చిన 2024 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆసుపత్రి మాట వినకపోతే అక్కడి 1557 కోఆర్డినేటర్ ఎవరో అడగండి. పదిహేను మంది, ఆ పైన ఉద్యోగులున్న చోట ఒకరు ఉండాలి. అక్కడా పని కాకపోతే ఫెడరల్ ఆరోగ్య శాఖ పౌర హక్కుల విభాగానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇక మన సొంతింటి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుని అధికార భాష చేసిన చట్టం 1966లోనే వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కాగితం ఏ భాషలో ఉంటుందో మీ విలేఖరినే వెళ్ళి చూసి రమ్మనండి. నాలుగు పేజీల ఇంగ్లిష్, అడుగున వేలిముద్ర. డిశ్చార్జి కాగితం మీద 'బీడీ', 'టీడీఎస్' చూసి రోజుకి ఎన్నిసార్లో మందుల షాపు కుర్రాడు చెప్పాలి. అమెరికాలో తెలుగు పోతోందని మొదటి పేజీలో కంటతడి పెట్టేవారికి ఇది కనబడదు కాబోలు.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. పెళ్ళి సంబంధాల ప్రకటనల కింద కాదు.

— ఒక వైద్య ఇంటర్‌ప్రెటర్, న్యూజెర్సీ